కార్చిచ్చులపై సైనిక విమానాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని, పింఛను లెక్కలు మాత్రం వద్దని మన కార్యదర్శి గారు పట్టుబట్టారు. అందుకని మా పార్కు మిత్రుల మధ్య చాలా రోజులు నలిగిన ఒక సందేహాన్నే తీసుకున్నాను.

2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ నగరం అంచున కార్చిచ్చు రేగి పదహారు వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. మన సభ్యుల్లో చాలామంది పిల్లలు కాలిఫోర్నియాలో ఉన్నారు గనుక ఆ వారమంతా ఇక్కడ ఎవరికీ నిద్ర లేదు. ఒక మిత్రుడు అడిగారు: "అన్ని యుద్ధ విమానాలున్న దేశం గదండీ! మొదటి రోజే అన్నీ ఎందుకు ఎగరలేదు?" ఎవరమూ సరిగా చెప్పలేకపోయాం. ముప్పై అయిదేళ్లు ఫైళ్లు మోసినవాణ్ణి కనుక, ఎక్కడో ఒక కాగితం కదలవలసి ఉంటుందని నాకు అనుమానం వచ్చింది. చదివి చూస్తే అనుమానం సగం నిజమే అయింది. మిగతా సగం కూడా చెబుతాను.

సైనిక విమానాలను అడవి మంటల పనికి వాడటం నిన్న మొన్నటి సంగతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, అనగా 1919 వేసవిలో, అమెరికా సైన్యపు విమానాలు కాలిఫోర్నియా అడవుల మీద కాపలా తిరగడం మొదలుపెట్టాయి. యుద్ధం అయిపోయింది, పైలట్లకు పని లేదు. అటవీ శాఖకు చూస్తే కొండల మీద పొగ కనిపెట్టే మనుషులు చాలరు. అప్పటి పడమటి ప్రాంత వైమానిక అధికారి ఆర్నాల్డ్ ఈ ఏర్పాటుకు ఊతమిచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు వైమానిక బలగాలకు అధిపతి అయినది ఈయనే. విమానాలు "జెన్నీ" అనే పాత శిక్షణ విమానాలు. వాటిలో నీళ్లూ లేవు, మందూ లేదు. చూసి చెప్పడమే పని. చెప్పడానికి మొదట్లో రేడియో కూడా లేదు. పొగ కనబడితే చీటీ రాసి పావురం చేత పంపేవారు, లేదా చిన్న పారాచూటుకు కట్టి ఊళ్లో జారవిడిచేవారు, అదీ కాకపోతే ఎక్కడో మైదానంలో దిగి టెలిఫోను వెతుక్కునేవారు. పావురం మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు.

పై నుంచి నీళ్లు పోసి మంట ఆపవచ్చునన్న ఆలోచన కుదురుకోవడానికి మరో ముప్పై అయిదేళ్లు పట్టింది. 1954లో కాలిఫోర్నియాలోని క్యాంప్ పెండిల్‌టన్ అనే సైనిక స్థావరంలో "ఆపరేషన్ ఫైర్‌స్టాప్" పేరుతో ప్రయోగాలు చేశారు. నౌకాదళపు అవెంజర్ విమానం నుంచి నీరు వదిలి చూశారు. మరుసటి ఏడు, 1955 ఆగస్టులో, విల్లోస్ అనే చిన్న ఊరి పైలట్లు అసలు పని చేసి చూపించారు. పొలాలకు మందు చల్లే స్టీర్మన్ విమానం (అదీ ఒకప్పుడు సైనిక శిక్షణ విమానమే) అడుగున రంధ్రం కోసి, తలుపు బిగించి, తాడు కట్టి, ఆ తాడు లాగితే నీరు పడేటట్టు చేశారు. ఖర్చు స్వల్పం, ఫలితం ఘనం. ఆ తరువాత ఏళ్లలో యుద్ధం నాటి బాంబర్లను ప్రైవేటు కాంట్రాక్టర్లు చవకగా కొని, బాంబులు ఉండే చోట ట్యాంకులు బిగించి, అటవీ శాఖకు అద్దెకు తిప్పసాగారు. అందుచేత మంటల మీద ఎగిరినవి చాలావరకు సైన్యం వదిలేసిన విమానాలే అయినా, నడిపినవారు సైనికులు కారు. ఈ తేడా గుర్తుంచుకోవాలి, తరువాత తగవంతా దీని మీదే.

1970 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాలిఫోర్నియా దక్షిణ భాగం పదమూడు రోజులపాటు తగలబడింది. మొత్తం 773 మంటలు, 16 మంది మృతులు, 722 ఇళ్లు. వాటిలో శాన్ డియేగో జిల్లాలోని లగూనా మంట ఒక్కటే సుమారు 1,75,000 ఎకరాలు తినేసింది. ఉన్న అద్దె విమానాలు ఏ మూలకూ చాలలేదు. అప్పుడు అమెరికా పార్లమెంటు పూనుకొని, సైన్యం విమానాలను అవసరమైనప్పుడు వాడుకొనే ఏర్పాటు చేయించింది. దాని పేరు "మాఫ్స్". సైన్యపు సరుకుల విమానం సి-130 హెర్క్యులిస్ కడుపులోకి ఒక పెద్ద ట్యాంకును గంటల్లో ఎక్కించి బిగించవచ్చు. పని అయ్యాక దింపేస్తే విమానం మళ్లీ సైన్యానికి పనికి వస్తుంది.

ట్యాంకులో 3,000 గ్యాలన్లు, మన లెక్కలో 11 వేల లీటర్ల పైచిలుకు, పడుతుంది. అందులో ఉండేది ఒట్టి నీరు కాదు. రైతు కుటుంబాలవారికి డి.ఎ.పి. ఎరువు తెలుసు గదా, ఆ జాతి అమ్మోనియం ఫాస్ఫేటే నీళ్లలో కలిపి, ఎక్కడ పడిందో కనబడేందుకు ఎర్ర రంగు వేస్తారు. విమానం నేలకు సుమారు 150 అడుగుల ఎత్తుకు దిగి, గంటకు 220 కిలోమీటర్ల వేగంతో పోతూ, అయిదు సెకన్లలోపు మొత్తం కుమ్మరించేస్తుంది. ఆ ఎర్ర ద్రవం పడేది మంట మీద కాదు, మంటకు ముందున్న పచ్చిక మీద, పొదల మీద. అది పూసిన ఆకు తొందరగా అంటుకోదు. మంట అక్కడ కాస్త నెమ్మదిస్తుంది. ఆ కాస్త వ్యవధిలో నేల మీది మనుషులు పారలతో, గొడ్డళ్లతో గీత తవ్వి ఆర్పాలి. టీవీలో చూసి విమానమే మంట ఆర్పిందనుకుంటాం. అది పొరపాటు.

ఇప్పుడు కాగితం దగ్గరికి వస్తాను. ట్యాంకులు అటవీ శాఖవి. విమానాలూ పైలట్లూ రక్షణ శాఖవారు. రెండు శాఖల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి ఆధారం 1932 నాటి ఎకానమీ చట్టం. ఆర్థిక మాంద్యం రోజుల్లో వచ్చిన ఆ చట్టం ప్రకారం ఒక శాఖ మరో శాఖ చేత పని చేయించుకొని ఖర్చు చెల్లించవచ్చు. అయితే ఆ పని ప్రైవేటువారి వద్ద అంత సులువుగా, అంత చవకగా దొరకనప్పుడే. మరో మాటలో చెప్పాలంటే అద్దె విమానాలన్నీ పనిలో మునిగిపోయిన తరువాతే సైనిక విమానం అడగాలి. ఆ కోరిక ఇడాహో రాష్ట్రంలోని బోయిసీలో ఉన్న జాతీయ అగ్నిమాపక కేంద్రం నుంచి రక్షణ శాఖకు పోవాలి, అక్కడి నుంచి సైనిక కమాండుకు, అక్కడి నుంచి దళానికి. అంతా త్రూ ప్రాపర్ ఛానెల్!

ఇది చదివి నవ్వుకున్నాను గానీ తప్పు పట్టలేకపోయాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను కొత్తగా చేరిన ఎల్.డి.సి.ని. వైమానిక దళ హెలికాప్టర్లు వరద మీద ఆహారం పొట్లాలు జారవిడిచాయి. జనం చేతులు జోడించారు. ఆ తరువాత నెలల తరబడి మా కచేరీలో నడిచిన కాగితాలు మాత్రం ఎవరూ చూడలేదు. ఎవరు కోరారు, ఏ తారీఖున కోరారు, ఖర్చు ఏ పద్దు కింద రాయాలి అని ఒకటే ప్రశ్నలు. నాకు అప్పుడు విసుగు వచ్చేది. కానీ ఎవరు ఇస్తారో తెలియకుండా ఎవరూ ఏదీ ఇవ్వరన్నది కూడా అక్కడే నేర్చుకున్నాను. 2024 డిసెంబరులో కేరళ ప్రభుత్వానికి కేంద్రం నుంచి ఏళ్ల తరబడి చేసిన విమాన సహాయానికి 132 కోట్ల పైచిలుకు బిల్లు వచ్చిందని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. వయనాడు కొండ విరిగిపడిన ఏడాదే అడిగారన్న బాధ మాత్రం కలిగింది.

2003 అక్టోబరు 25న శాన్ డియేగో జిల్లాలోనే ఒక వేటగాడు దారి తప్పి, ఎవరికైనా కనబడాలని చిన్న మంట వేశాడు. అది సీడర్ మంట అయి రెండు లక్షల డెబ్బయి మూడు వేల ఎకరాలు కాల్చి, 15 మందిని బలిగొంది. మంట ఇంకా చిన్నగా ఉన్నప్పుడే పోలీసు హెలికాప్టరు పైలట్ చూసి, నీళ్ల బకెట్టుతో మరో హెలికాప్టరును రమ్మన్నాడు. సూర్యాస్తమయానికి అరగంట ముందు నుంచి నీరు వదలరాదన్న నియమం వల్ల దాన్ని వెనక్కి పంపేశారు. సైనిక సి-130లు వచ్చేసరికి కొన్ని రోజులు గడిచిపోయాయి. ఆ ప్రాంతపు ప్రతినిధి, సైనిక వ్యవహారాల సంఘం అధ్యక్షుడు కూడా అయిన డంకన్ హంటర్ దీనిపై గట్టిగా మండిపడ్డారు.

నాలుగేళ్ల తరువాత, 2007 అక్టోబరులో, మళ్లీ అదే జిల్లా. ఈసారి నౌకాదళ, మెరీన్ హెలికాప్టర్లు మంటలకు కూతవేటు దూరంలోనే సిద్ధంగా ఉన్నాయి. కానీ సైనిక హెలికాప్టరులో రాష్ట్ర అగ్నిమాపక శాఖ మనిషి ఒకరు "స్పాటర్"గా కూర్చోవాలన్న నిబంధన ఉంది. అంతమంది మనుషులు ఆ శాఖ వద్ద లేరు. హెలికాప్టర్లు నేల మీదే ఉండిపోయాయి. ఆ నిబంధన ఊరికే పుట్టినది కాదు. పొగలో పది విమానాలు తిరుగుతుంటే, రేడియోలు వేరు, మాటల సంకేతాలు వేరు అయిన కొత్త పైలట్ ఢీకొనే ప్రమాదం ఉంటుంది. నిబంధన మంచిదే, దానికి కావలసిన మనుషులను ముందుగా తయారు చేయలేదంతే. గొడవ జరిగాక నిబంధన సడలించారు, సైన్యంతో రాష్ట్రం ఒప్పందం రాసుకుంది. ఆ తరువాత మంటల కాలానికి ముందే ఇద్దరూ కలిసి సాధన చేయడం ఆనవాయితీ అయింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లు కాపాడగలిగినది కొత్త విమానం కాదు, ఆ ఒప్పందమే.

ఈలోగా పాత అద్దె విమానాల సంగతి తేలిపోయింది. 2002 జూన్‌లో కాలిఫోర్నియాలో ఒక పాత సి-130 మంట మీద మందు వదులుతుండగా గాలిలోనే రెక్కలు విరిగి కూలింది. ముగ్గురు పోయారు. సుమారు నెల తరువాత కొలరాడోలో యుద్ధం నాటి మరో విమానం అలాగే కూలి ఇద్దరు పోయారు. 2004లో ప్రభుత్వం 33 పెద్ద విమానాల కాంట్రాక్టులు రద్దు చేసింది. అద్దె విమానాలు తగ్గినకొద్దీ సైన్యానికి పిలుపులు పెరగడం సహజం.

సైనిక విమానాలకూ గండం తప్పలేదు. 2012 జూలై 1న దక్షిణ డకోటాలో "మాఫ్స్-7" కూలిపోయింది. ఉత్తర కరొలైనా నుంచి వచ్చిన దళం అది. ఉరుముల మేఘం కింద గాలి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడింది. ముందు దారి చూపుతున్న చిన్న విమానమే నేలకు పది అడుగుల దాకా వచ్చి బతికిపోయింది. వెనుక వచ్చిన సి-130 తట్టుకోలేకపోయింది. ఆరుగురిలో నలుగురు మరణించారు. సుమారు నలభై ఏళ్ల మాఫ్స్ చరిత్రలో అదే మొదటి ప్రాణనష్టం. మిగతా విమానాలను ఒక్క రోజు ఆపి, జూలై 3న మళ్లీ ఎగరవేశారు.

అన్ని దేశాల పద్ధతీ ఇది కాదు. స్పెయిన్, గ్రీస్ దేశాల్లో సరస్సు మీద జారుతూ పన్నెండు సెకన్లలో ఆరు వేల లీటర్ల నీరు పట్టుకుపోయే పసుపు రంగు విమానాలను వైమానిక దళమే నడుపుతుంది. స్పెయిన్‌లో 1971 నుంచి అందుకోసమే ప్రత్యేక దళం ఉంది. అక్కడ సైన్యం చివరి దిక్కు కాదు, మొదటి పిలుపే. అయినా 2023 జూలైలో గ్రీస్‌లోని ఎవియా దీవిలో అలాంటి విమానం ఒకటి చెట్టుకు తగిలి కూలి ఇద్దరు సైనిక పైలట్లు చనిపోయారు.

ఇక మా మిత్రుడి ప్రశ్నకు జవాబు. 2025 జనవరి 7 సాయంత్రం గంటకు 130 కిలోమీటర్లు మించిన గాలులు వీచాయి. ఆ గాలిలో ఏ విమానమూ, ఎవరిదైనా సరే, కిందికి దిగి మందు వదలలేదు. వదిలినా అది చెదిరిపోతుంది. ఆ రాత్రి పైలట్లు నేల మీదే ఉన్నది గాలి వల్ల. గాలి తగ్గాక కాగితాలూ త్వరగానే కదిలాయి, ఎనిమిది మాఫ్స్ విమానాలనూ రప్పించారు. అప్పటికి కాలవలసిన ఇళ్లు చాలావరకు కాలిపోయాయి.

మన దేశంలో ఈ పని ఎక్కువగా వైమానిక దళపు ఎం.ఐ.-17 హెలికాప్టర్లది. కింద తాడుకు "బాంబీ బకెట్" అనే మడత సంచి వేలాడుతుంది. చెరువులో ముంచితే మూడు వేల లీటర్ల పైన నీరు పడుతుంది. 2016లో ఉత్తరాఖండ్ మంటలకు భీమ్‌తాల్ సరస్సు నుంచి, 2022 మార్చిలో రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అడవికి సిలీసేఢ్ సరస్సు నుంచి నీరు మోశారు. మనవాళ్లకు బాగా గుర్తున్నది 2014 మార్చి. శేషాచలం అడవి అంటుకొని తిరుమల కొండ మీద పొగ కమ్మినప్పుడు సైనిక సిబ్బందిని, హెలికాప్టర్లను పిలిపించారు. అప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన నడుస్తోంది.

మన అడవుల్లో మంట చాలావరకు నేల మీద రాలిన ఎండుటాకుల్లో పాకుతుంది. దాన్ని ఆర్పేది పచ్చి కొమ్మలు విరిచి కొట్టే అటవీ శాఖ చిరుద్యోగులు, ఫైర్ వాచర్లు, రోజు కూలీలు. 2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పడానికి వెళ్లిన అటవీ సిబ్బందిలో నలుగురు అందులోనే చిక్కి మరణించారు. వైమానిక దళ హెలికాప్టరు మరునాడు వచ్చి, భీమ్‌తాల్ నీరు తెచ్చి ఆ కొండ మీద పోసింది.