అన్నీ వాతాలే కావు: పొదిలి, దర్శి ఎక్స్‌రేలు చెప్పిన చరిత్ర

రాజమండ్రి హాస్టల్ నుంచి రాస్తున్నాను.

మన గూడేల్లో మోకాళ్లు పట్టేసినా, వేళ్లు వంకరపోయినా, నడుం వంగిపోయినా ఒకటే మాట: "వాతం". అన్నీ ఒకటి కావని మన తెలుగు నేల మీదే ఎప్పుడో తేలింది.

అప్పటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి వైపు పల్లెల్లో కొందరు మెడ తిప్పలేక, నడుం వంచలేక కట్టెల్లా బిగుసుకుపోయేవాళ్లు. ఈ జబ్బుని రైతులు ముందు తమ ఎడ్లలోనే గమనించారు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు దీని మీద పరిశోధన అచ్చువేశారు. ఎక్స్‌రేలో ఎముకలు మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనిపించాయి. వెన్నుపూసల్ని కలిపే స్నాయువులు కూడా ఎముకలా గట్టిపడ్డాయి. కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడ్. అలాంటప్పుడు నొప్పి బిళ్లలు ఎన్ని మింగితే ఏం లాభం? మారాల్సింది నీళ్లు.

ఇప్పుడూ అంతే. అరుగుదల అయితే ఎక్స్‌రేలో కీలు మధ్య సందు తగ్గుతుంది, అంచుల్లో ఎముక పెరుగుతుంది. రుమటాయిడ్ ముదిరితే వేళ్ల కీళ్ల దగ్గర ఎముక కొరికినట్టు ఉంటుంది. మొదట్లో ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు, అల్ట్రాసౌండ్, ఎమ్మారై ముందే పట్టగలవు. రక్తపరీక్షలు, డాక్టరు చేత్తో పట్టి చూడడం కూడా కావాలి. ఆలస్యమైతే వంకరపోయిన వేళ్లు మందులతో తిన్నగా కావు.

అందుకే సెలవులకి ఊరెళ్లినప్పుడు అవ్వకి నొప్పి సూది వేయించి ఊరుకోకండి. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి "ఇది ఏ రకం?" అని అడగండి. చదువుకున్న మనమే అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?