కాలువకి ఎడమవైపు, కుడివైపు: గుంటూరు నుంచి కంభం దాకా సైకిళ్ల మీద

‘అన్నా, సైకిల్ ట్రిప్ వీడియో ఎప్పుడు?’ అని చాలా రోజులుగా అడుగుతున్నారు. ఇదిగో. ముందే చెప్తున్నా, ఇందులో డ్రోన్ షాట్లు తక్కువ, కథ ఎక్కువ.

జనవరి చివర్లో ఆరుగురం బయల్దేరాం. గుంటూరు, సత్తెనపల్లి, మాచర్ల, నాగార్జునసాగర్. అక్కడి నుంచి నల్లమల అంచు పట్టుకుని ఎర్రగొండపాలెం, మార్కాపురం, కంభం. నాలుగు రోజులు. దారి పొడవునా కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. ఫోటోకి సూపర్, ఊపిరికి కాదు. కారులో అద్దాలు ఎక్కించుకుని పోతే ఆ ఘాటు తెలీదు, సైకిల్ మీద ప్రతి ఊరి దగ్గరా దగ్గుకుంటూ పోవాల్సిందే.

సాగర్ దగ్గర కుడి కాలువ కట్ట ఎక్కాక ఒకటి గమనించాం. కాలువ పారే దిక్కుకి తిరిగి నిలబడితే ఎడమవైపు పచ్చటి మిరప. కుడివైపు ముళ్ల కంప, రాళ్లు. మధ్యలో ఉన్నది ఒక్క కాలువే. కారణం సింపుల్. నీళ్లు పల్లానికే పారతాయి. కాలువ కన్నా పైన ఉన్న పొలానికి మోటారు పెట్టి తోడితే తప్ప చుక్క రాదు. అంటే ఇంజనీర్లు మ్యాప్ మీద గీసిన ఒక గీత ఎవరి పొలం ఎటుందో తేల్చేసిందన్నమాట. ఆ గీత వెనక దాదాపు రెండు వందల ఏళ్ల కథ ఉంది.

1832-33లో గుంటూరు సీమలో కరువొచ్చింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువన్నారు. జనం మాత్రం డొక్కల కరువన్నారు. డొక్కలు ఎండి చచ్చిపోయారు కాబట్టి ఆ పేరు. అప్పటి గుంటూరు జిల్లా జనాభా సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని లెక్క. కృష్ణ పక్కనే పారుతుండగా! ఆ దెబ్బ తర్వాతే డెల్టాలో ఆనకట్టల ఆలోచన ఊపందుకుంది. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలై 1855కి పూర్తయింది. తెనాలి, రేపల్లె మాగాణి అయ్యాయి. పల్నాడు మాత్రం అలాగే ఉండిపోయింది, ఎందుకంటే అది ఆనకట్టకి ఎగువన ఉంది. నది లోతైన లోయలో పోతుంటే ఒడ్డునున్నవాడు చూస్తూ కూర్చోవాలి. శ్రీనాథుడు పల్నాటి మీద వేసిన వెటకారాలు మనకి జోక్‌లా ఉంటాయి గానీ, జొన్నకూడు తిన్నవాళ్లకి జోక్ కాదు కదా.

మరో వందేళ్లకి నందికొండ ప్రాజెక్టు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వర ప్రసాద్ దీని కోసం తెగ తిరిగారు. 1952లో ఖోస్లా కమిటీ ఊ అంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 124 మీటర్ల ఎత్తు డ్యామ్, అదీ రాతి కట్టడం. వేలమంది కూలీలు రాళ్లు మోసి లేపిన గోడ అది. వెనక లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోయింది. అంతకుముందే 1954 నుంచి 1960 దాకా తవ్వి కొన్ని కట్టడాల్ని కొండ మీదికీ, అనుపుకీ తరలించారు. అనుపులో ఆ రంగస్థలం మెట్ల మీద కూర్చుని మేం పులిహోర తిన్నాం. అక్కడ కూడా ఎక్కువమంది రీల్స్ తీసుకుంటున్నారు, మాతో సహా.

1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. కుడి కాలువ పేరు జవహర్ కాలువ, పొడవు 203 కిలోమీటర్లు. ఇక్కడిదాకా స్కూల్ పుస్తకంలోనూ ఉంటుంది. ఆ తర్వాత జరిగిందే మనకి ఎవరూ చెప్పరు.

నీళ్లొచ్చాక కౌలు రేట్లు పెరిగాయి, నల్లరేగడిలోకి పత్తి వచ్చింది. పత్తితో పాటు పురుగు, పురుగుతో పాటు మందు కొట్టు. విత్తనం, ఎరువు, మందు అన్నీ ఆ కొట్లోనే అరువు. పంట అమ్మాక వడ్డీతో కట్టాలి. 1980ల్లో కొత్త రకం మందులు దిగాయి, సింథటిక్ పైరిత్రాయిడ్లు. మొదట్లో మ్యాజిక్‌లా పనిచేశాయి. కానీ అవి పురుగుని తినే మిత్రపురుగుల్ని కూడా చంపేశాయి. ఆకు అడుగున దాక్కునే తెల్లదోమకి ఇక అడ్డులేదు. 1987లో గుంటూరు, ప్రకాశం పత్తి మొత్తాన్నీ తెల్లదోమ కమ్మేసింది. కొట్టిన కొద్దీ పెరిగింది, పెరిగిన కొద్దీ కొట్టారు. 1987-88లో ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు మొదలయ్యాయి. చాలామంది తాగింది పొలానికి కొట్టిన ఆ మందే. రైతు ఆత్మహత్య అంటే మనకి వెంటనే విదర్భ గుర్తొస్తుంది, కానీ మన దగ్గర అంతకు చాలా ముందే జరిగింది. తర్వాత లాం ఫారం శాస్త్రవేత్తలు తెల్లదోమని తట్టుకునే ‘కాంచన’ రకం ఇచ్చారు. పత్తి తగ్గినచోట మిరప ఎక్కింది. అప్పు పద్ధతి మాత్రం మారలేదు. మిరపకి పెట్టుబడి పత్తి కంటే ఎక్కువే. గుంటూరు యార్డులో టిక్కీ రేటు పడితే ఆ దెబ్బ మాచర్లలో తగులుతుంది.

నాకు చిరాకేసేది ఇక్కడే. నీళ్లు లేక ఒకసారి, నీళ్లొచ్చి ఇంకోసారి చచ్చిపోయింది ఇదే నేల మీది జనం.

మూడో రోజు ఎర్రగొండపాలెం దాటాక కాలువ లేదు. ఇక్కడ నీళ్ల కథకి పేరు వెలిగొండ. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద 18 కిలోమీటర్లకి పైగా రెండు సొరంగాలు. మొదటి శంకుస్థాపన 1996లో. అంటే ఆ శిలాఫలకం నాకంటే పెద్దది. మార్కాపురంలో టీ తాగుతుంటే కొట్టు పెద్దాయన మా సైకిళ్లు చూసి, ‘ఏం బాబూ, సొరంగం చూడ్డానికొచ్చారా, నీళ్లు చూడ్డానికా?’ అన్నారు. పక్కనే రోడ్డు మీద ట్యాంకర్ దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి.

నాలుగో రోజు కంభం చెరువు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకి రెండు కొండల సందులో కట్ట వేశారు, అంతే. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. ఐదొందల ఏళ్లుగా ఆ కట్ట అలాగే ఉంది. వానలు బాగుంటే సముద్రంలా కనిపిస్తుంది, లేకపోతే గొర్రెలు మేస్తుంటాయి. మేం వెళ్లినప్పుడు సగం నీళ్లు, సగం గొర్రెలు.

మా వాడి సైకిల్‌కి కట్ట మీదే రెండో పంక్చర్ పడింది. అందుకే తిరుగు ప్రయాణం రైల్లో. కంభం నుంచి గుంటూరు వచ్చే ఆ రైలు లైను నల్లమలని ఎలా దాటిందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. మీ ఊరు కాలువకి ఏ వైపు ఉందో కామెంట్‌లో రాయండి.