దమ్‌దమ్ తూటా

పోయిన సంక్రాంతి రోజున టెక్సాస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇంటి రక్షణకని పిస్తోలు కొన్నాడట. "మామయ్యా, షాపువాడు రెండు రకాల తూటాలు చూపించాడు. ఒకటి గుండ్రం మొన, పైనంతా రాగి తొడుగు. రెండోదానికి మొనలో గుంట. ఇంటికి గుంటదే మంచిదంటున్నాడు. మీరున్న దమ్‌దమ్‌లో పుట్టినవి ఇవేనా?" అన్నాడు.

అవి కావు, వాటి మనవలు అన్నాను.

బ్యాంకు ఉద్యోగంలో ఆరేళ్లు నేను కలకత్తా దగ్గర దమ్‌దమ్‌లో అద్దెకున్నాను. వాడు చిన్నప్పుడు సెలవులకు అక్కడికి వచ్చేవాడు. దమ్‌దమా అంటే ఫిరంగులు నిలిపే మట్టిదిబ్బ. బెంగాల్ ఫిరంగి దళం చాలా ఏళ్లు అక్కడే ఉండేది. 1857 జనవరిలో అక్కడొక ఖలాసీ ఒక బ్రాహ్మణ సిపాయిని దాహానికి చెంబు అడిగాడు. మైలపడుతుందని సిపాయి ఇవ్వలేదు. రేపు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు నోటితో కొరికేటప్పుడు మీ కులం ఎక్కడుంటుందని ఖలాసీ అడిగేశాడు. ఆ సంగతి కెప్టెన్ రైట్ అదే నెలలో పైవాళ్లకు రాశాడు. మే నెలకల్లా మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు.

నలభై ఏళ్ల తర్వాత మళ్లీ ఆ ఊళ్లోనే ఇంకో తూటా. అంతకుముందు తెల్ల సిపాయిల చేతుల్లో ఉన్న మార్టినీ హెన్రీ తుపాకీ గుండు తొడుగు లేని సీసం, దాదాపు 31 గ్రాములు. తర్వాత మనం త్రీనాట్‌త్రీ అనే సైజు వచ్చింది. గుండు 14 గ్రాములకు తగ్గింది, వేగం పెరిగింది. ఆ వేగానికి మెత్తటి సీసం తుపాకీ గొట్టంలో అంటుకుపోకుండా పైన రాగి, నికెల్ కలిపిన తొడుగు వేశారు. 1895లో వాయవ్య సరిహద్దులోని చిత్రాల్ కొండల్లో చూస్తే ఆ గుండు మనిషిలోంచి సన్నటి బెజ్జం చేసుకుని అవతలికి పోతోంది, తగిలినవాడు ఆగకుండా మీదికొస్తున్నాడు. సైన్యం మొరపెట్టుకుంది. దమ్‌దమ్ ఆయుధ కర్మాగారం అధికారి కెప్టెన్ బెర్టీ క్లే చేసిన పని చాలా చిన్నది. మొన దగ్గర తొడుగు తగ్గించి, ఒక మిల్లీమీటరు సీసం బయటికి కనబడేలా వదిలాడు. గోరంచు మందం! ఒంట్లో దిగగానే ఆ మెత్తటి మొన పుట్టగొడుగులా విచ్చుకుని, తన బలమంతా అక్కడే ఖర్చుపెట్టి ఆగుతుంది. 1897లో అదే సరిహద్దులోని తీరాహ్ లోయలో అఫ్రీదీ తెగవాళ్ల మీద దాన్ని వాడారు. తర్వాత ఇంగ్లండ్‌లోనే మొనకు గుంట తొలిచి మార్క్ 4 చేశారు. 1898 సెప్టెంబరులో సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్ యుద్ధానికి అదే వెళ్లింది.

1899లో హేగ్‌లో చాలా దేశాలు కూర్చుని ఈ తూటాను నిషేధించాయి. ఇంగ్లండ్, అమెరికా ఒప్పుకోలేదు. ఇంగ్లండ్ తరఫున సర్ జాన్ ఆర్డా వాదన ఏమిటంటే, నాగరికుడు చిన్న గుండు తగిలినా గాయపడ్డానని వెనక్కి వెళ్తాడు, ఆటవికుడు మాత్రం మీదికొస్తూనే ఉంటాడు, వాడిని ఆపాలంటే ఇది కావాలి. ఆయన ఆటవికులన్నది మన పొరుగు కొండల మనుషులను. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. పైగా ఆ నిషేధం వర్తించేది ఒప్పుకున్న దేశాల మధ్య యుద్ధాల్లోనే. అఫ్రీదీలకు హేగ్‌లో కుర్చీ లేదు. ఇంగ్లండ్ 1907లో ఒప్పుకుంది.

చేతి తుపాకులదీ ఇదే కథ. వెబ్లీ రివాల్వర్‌కు 1890ల చివర గుంటమొన గుండు వచ్చింది, హేగ్ తర్వాత వెనక్కి తీసుకున్నారు. యుద్ధంలో కూడదన్న ఆ గుంటే తర్వాత పోలీసుల దగ్గరకు చేరింది. తొడుగు తూటా ఒకణ్ని దాటి వెనకున్నవాళ్లకు తగులుతోందని 1998లో న్యూయార్క్ పోలీసులు గుంటదానికి మారాలని నిర్ణయించారు. షాపువాడు మావాడికి చెప్పిందీ అదే. ఆ మాటలో న్యాయముంది. చిత్రాల్‌లో అడ్డంగా దూసుకుపోకూడదన్నది మీదికొచ్చేవాణ్ని పడగొట్టడానికి, ఇక్కడ అన్నది పక్కవాళ్లు బతకడానికి.

అయితే షాపువాడు చెప్పనిది ఒకటుంది, అది వాడికి రెండుసార్లు చెప్పాను. గుంట విచ్చుకునేది ఒంట్లో. గురి తప్పి మీ జిప్సం బోర్డు గోడకు తగిలితే ఆ పొడి గుంటలో కూరుకుపోతుంది, విచ్చుకోకుండా గుండ్రం మొనలాగే అవతల గదిలోకి పోవచ్చు. గుంటదే కొనుక్కో నాయనా. పిస్తోలు తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే చోట పెట్టు. ఈ రాత్రికే మీ పాప మంచం ఏ గోడకు ఆనుకుని ఉందో వెళ్లి చూసుకో.