ఇల్మ్‌కి ఏ జుబాన్?



మొన్న మగ్రిబ్ నమాజ్ అయ్యాక మా ధవళేశ్వరం లాకుల వైపు నడుస్తుంటే కూతురు కూడా వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం. "అబ్బా, పాఠం మొత్తం బట్టీ పట్టాను, ఒక్క ముక్క అర్థం కాలేదు" అంది. ఇంట్లో ఉర్దూ, ఇంటర్ దాకా తెలుగు, ఇప్పుడు అంతా ఇంగ్లీషు.

ఈ తక్లీఫ్‌కి వందేళ్ల చరిత్ర ఉంది. మదరాసు, బొంబాయి, కలకత్తా యూనివర్సిటీల్లో చదువు ఇంగ్లీషులో సాగుతున్న రోజుల్లో, 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చారు. 1918లో ఉస్మానియా మొదలైంది. తాలీమ్ ఉర్దూలో, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు. పుస్తకాల కోసం దారుల్ తర్జుమా పెట్టారు. దానికి మౌల్వీ అబ్దుల్ హక్ సాబ్ నాజిమ్. సైన్సు, కానూన్, చివరికి డాక్టరీ కూడా ఉర్దూలోనే చదివారు. 1948 తర్వాత ఇంగ్లీషు వచ్చింది.

ఇది మనకు ఫఖ్రే. కానీ ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ రియాసత్‌లో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. ఉర్దూ పదిమందిలో ఒకరిది. తెలుగు రైతు బిడ్డకి ఉర్దూ కూడా పరాయి జుబానే. ఆ బిడ్డ పడ్డ తక్లీఫే ఇవాళ నా బిడ్డ పడుతోంది.

మన వైపు 1926లో ఆంధ్ర యూనివర్సిటీ తెలుగు జిల్లాల కోసమే పుట్టినా, చదువు ఇంగ్లీషులోనే నడిచింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక డిగ్రీ పుస్తకాలు తెలుగులో దొరికాయి. నేను బీయస్సీ గట్టెక్కింది వాటితోనే. 2021లో డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మీడియంకి మారాలని మన రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది.

ఇంగ్లీషు వద్దని నేననను. రోజ్‌గార్ అక్కడుంది. కానీ మా ఊరినే చూడండి. 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. 'లాకు' ఇంగ్లీషు మాట. కాలవ కాసే 'లస్కరు' ఫార్సీ 'లష్కర్' నుంచి వచ్చాడు. దొరలు రాసుకున్న 'అనికట్' తమిళం నుంచి తీసుకున్నది. పని తెలిసినవాడికి ఏ మాటా పరాయిది కాలేదు.

ఆ రాత్రి సందూక్‌లోంచి నా పాత తెలుగు పుస్తకం తీసి, తన ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టాను. రెండూ తిప్పి చూసి "ఇంతేనా అబ్బా!" అంది.

మీ ఇళ్లలో అలాంటి కితాబులుంటే రద్దీకి వేయకండి. పక్కింటి బిడ్డకి ఇవ్వండి. అల్లాహ్ మన పిల్లల ఇల్మ్‌లో బర్కత్ ఇవ్వాలి. ఆమీన్.