కొర్రమీను గాలపు వేట (కుందూ నది)

కొర్రమీను గాలపు వేట అనగా వేసవి కాలంలో నదీ మడుగులలోను, చెరువులలోను మిగిలిన నీటిలో పెద్ద కొర్రమీనులను గాలముతో పట్టే వేట. నంద్యాల జిల్లాలోని దొర్నిపాడు, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ ప్రాంతాలలో ఇందుకు అనువైన నీటి వనరులు కుందూ నది, కర్నూలు-కడప కాలువ (కె.సి. కాలువ), వాటి ఆధారంగా నిండే చెరువులు. చల్లని దేశాలలో వేసవి రాగానే జాలరులు పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేప కొరకు కొండవాగులకు ప్రయాణం కట్టినట్లే, మెట్టప్రాంతపు ఆంధ్రదేశంలో ఆ స్థానం కొర్రమీనుకు దక్కుతుంది. అయితే రెండు చేపల స్వభావము, వేటాడదగిన కాలము వేర్వేరు. ఈ వేటకు ప్రయాణమయ్యేవారు తెలుసుకొనవలసిన విషయాలు ఈ వ్యాసంలో ఇవ్వబడినవి.

చేప పరిచయము

కొర్రమీను శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. జర్మను శాస్త్రవేత్త బ్లాక్ దీనిని 1793లో వర్ణించాడు. కొరమేను, కొర్రమట్ట అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నవి. తల పాము తలను పోలి ఉంటుంది. నోరు పెద్దది, పళ్లు పదునైనవి. ఇది పూర్తిగా మాంసాహారి. చిన్న చేపలు, కప్పలు, రొయ్యలు, పురుగులు దీని ఆహారం. సాధారణంగా అర మీటరు లోపు పొడవు ఉన్నవే దొరుకుతాయి గాని, అనుకూలమైన చోట మీటరు వరకు పెరిగినట్లు నమోదై ఉంది. ఇదే కుటుంబానికి చెందిన మట్టగిడస దీనికంటే చిన్నది. పూమేను దీనికంటే పెద్దది.

కొర్రమీనుకు మొప్పలతోపాటు తలలో గాలిని నిలుపుకొనే అరలు కలవు. అందువలన ఇది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొని మరల లోనికి పోతుంది. పైకి రాకుండా వలలో చిక్కి ఉండిపోతే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. ఈ గుణమే వేసవిలో దానికి రక్ష. నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గినప్పుడు బొచ్చె, రోహు వంటి చేపలు చనిపోతుంటే కొర్రమీను బ్రతికి ఉంటుంది. నీరు ఇంకిపోతే తడి బురదలోకి దూరి వాన వచ్చేవరకు ఉండగలదు. సంతలో గంపలోనో తొట్టిలోనో కొద్దిపాటి నీటితో ప్రాణముతో అమ్మగలగడం కూడా ఈ కారణంగానే.

కొర్రమీను తెలంగాణ రాష్ట్రపు చేప. హైదరాబాదులో ఏటా మృగశిర కార్తె ప్రవేశించే రోజున ఉబ్బస రోగులచే మ్రింగించే 'చేప మందు'కు కూడా కొర్రమీను పిల్లలనే వాడతారు.

బ్రౌన్ ట్రౌట్‌తో పోలిక

బ్రౌన్ ట్రౌట్ (సాల్మో ట్రుటా) ఐరోపా ఖండపు చల్లని నీటి చేప. దీనికి ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్న పారే నీరు కావాలి. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇబ్బంది పడుతుంది. 25 డిగ్రీలకు చేరితే బ్రతకడం కష్టం. మే నెలలో గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే నంద్యాల ప్రాంతంలో దీని ఊసే లేదు.

భారతదేశంలో ట్రౌట్‌ను ప్రవేశపెట్టే తొలి ప్రయత్నాలు దక్షిణాదిన నీలగిరులలో జరిగాయి. 1863లో ఈ ప్రయత్నం చేసి విఫలుడైనవాడు ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు వైద్యాధికారి. మన నదులలోని చేపలను వర్ణించి 1875-78 మధ్య భారతదేశపు చేపల మీద ఉద్గ్రంథము ప్రకటించినవాడు కూడా ఇతడే. కాశ్మీరులో 1900 ప్రాంతంలో బ్రౌన్ ట్రౌట్ స్థిరపడింది. అక్కడినుండి హిమాచల ప్రదేశ్‌లోని కుల్లూ లోయకు వ్యాపించింది. నేడు ట్రౌట్ కొరకు వెళ్లదలచిన తెలుగువారు ఆ రెండు ప్రాంతాలకు పోవచ్చును. అక్కడ మత్స్యశాఖ అనుమతి పత్రము తీసుకొని, నిర్ణయించిన సంఖ్యకు మించకుండా పట్టవలసి ఉంటుంది.

ఇక్కడ గమనింపదగిన భేదమొకటి ఉంది. ట్రౌట్ శరత్కాలం చివర, చలికాలంలో గుడ్లు పెడుతుంది. కనుక చలికాలంలో వేట నిలిపి వేసవిలో అనుమతిస్తారు. కొర్రమీను ప్రధానంగా వానలతో గుడ్లు పెడుతుంది. కనుక వేసవి ముగిసి తొలకరి మొదలయ్యే వేళ వేట నిలపడమే న్యాయం. ట్రౌట్ వేటగాని పంచాంగము కొర్రమీను వేటకు పనికిరాదు.

నీటి వనరులు

కుందూ నదికి కుందేరు అనే పేరు కూడా కలదు. ఎర్రమల, నల్లమల కొండల నడుమ ఉన్న నల్లరేగడి లోయగుండా నంద్యాల మీదుగా దక్షిణంగా ప్రవహించి, కడప జిల్లాలో కమలాపురం సమీపాన పెన్నా నదిలో కలుస్తుంది. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కె.సి. కాలువను 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. తుంగభద్రపై సుంకేశుల వద్ద మొదలయ్యే ఈ కాలువ కొంతమేర కుందూ నదినే మార్గంగా వాడుకొంటుంది. సంతజూటూరు, రాజోలి వద్ద నదిపై ఆనకట్టలు ఇందుకొరకే కట్టబడినవి.

వేసవిలో కాలువకు నీరు ఆపివేసిన తరువాత నదిలో ప్రవాహం సన్నగిల్లుతుంది. అప్పుడు లోతైన చోట్ల మాత్రమే నీరు నిలుస్తుంది. వీటిని మడుగులు అంటారు. నది పొడవునా చెదరి ఉన్న చేపలన్నీ ఈ మడుగులకు చేరుతాయి. జమ్ము, తుంగ, తామర వంటి మొక్కలు మొలిచిన అంచులు, పడిపోయిన చెట్ల మొదళ్లు, ఆనకట్టల దిగువ గుంటలు, కాలువ తూముల వద్ద నిలిచిన నీరు కొర్రమీనుకు ఇష్టమైన తావులు.

ప్రయాణపు ఏర్పాట్లు

దొర్నిపాడు మండల కేంద్రము. ఇది ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల పట్టణాల మధ్య ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడక పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేది. కర్నూలు-చిత్తూరు జాతీయ రహదారి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా పోతుంది. రైలులో వచ్చేవారు నంద్యాలలో దిగవచ్చును. 2016లో ప్రారంభమైన నంద్యాల-ఎర్రగుంట్ల రైలుమార్గంలో కోవెలకుంట్ల వద్ద కూడా స్టేషను ఉంది. బస చేయడానికి నంద్యాల, ఆళ్లగడ్డ, అహోబిలం అనుకూలము.

కాలము: మార్చి చివరినుండి మే మూడవ వారం వరకు తగిన సమయం. రోహిణి కార్తెలో ఎండ తీవ్రత వలన మనిషికి, తొలకరి సమీపించడం వలన చేపకు, ఇద్దరికీ వేట మంచిది కాదు. మృగశిర కార్తె నాటికి గాలము కట్టిపెట్టవలెను. దినములో సూర్యోదయం నుండి రెండు మూడు గంటలు, మరల సాయంకాలం ఎండ వాలిన తరువాత చేప ఎర అందుకొంటుంది. నడి మధ్యాహ్నం అది నీడపట్టున కదలక ఉంటుంది.

అనుమతి: చెరువులలో చేపల హక్కును సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలకో ఇతరులకో గుత్తకు ఇస్తారు. గుత్తదారు అనుమతి లేకుండా గాలం వేస్తే అది దొంగతనమే. నదిలో వేటకు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో విచారించి బయలుదేరడం మేలు. సముద్రంలో తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉండే మరపడవల వేట నిషేధం నదులకు వర్తించదు. తూర్పున ఉన్న నల్లమల అడవిలోని అభయారణ్య ప్రాంతాలలో, పులుల రక్షిత ప్రాంతంలో వాగులలో గాలం వేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమౌతుంది.

సామగ్రి

* కర్ర: నిడుపాటి వెదురు కర్ర, లేదా చుట్టు చక్రము గల కర్ర. కలుపు మొక్కల నడుమ నుండి చేపను లాగవలసి ఉంటుంది కనుక గట్టిది కావలెను.
* దారము: మందమైన నైలాను దారం. చేప పళ్లకు సన్నని దారం తెగిపోతుంది.
* గాలము: ఒంటి కొక్కెం గలది ఉత్తమం. వెనుక ముల్లును పటకారుతో నొక్కివేస్తే చిన్న చేపను గాయపరచకుండా వదలవచ్చును.
* బెండు: జొన్న బెండు గాని, తేలే బిరడా గాని.
* ఎర: వానపాములు, రొయ్యలు, చిన్న చేపలు. బ్రతికి ఉన్న కప్పను గుచ్చే అలవాటు ఉన్నది కాని అది క్రూరమే గాక, పొలాలలో పురుగులను తినే కప్పలకు నష్టము. ఇప్పుడు రబ్బరు కప్పలు దొరుకుతున్నవి.
* ఇతరములు: పటకారు, తడి గోనెసంచి, తాగునీరు, తలపాగా లేదా గొడుగు, మోకాళ్ల వరకు వచ్చే చెప్పులు.

వేట విధానము

మొదట గట్టుపై అలికిడి లేకుండా నిలిచి నీటిని పరిశీలించవలెను. కొర్రమీను గాలి కొరకు పైకి వచ్చినప్పుడు నీరు చిన్నగా సుడి తిరిగి, బుడగలు లేస్తాయి. ఒకే చోట కొంతసేపటికి మరల బుడగలు వచ్చినట్లయితే చేప అక్కడనే కాపురమున్నదని తెలుసుకొనవచ్చును. నీడ నీటిపై పడకుండా, సూర్యునికి ఎదురుగా నిలబడడం మంచిది.

ఎరను చేప ఉన్న చోటున గాక, దానికి కొద్దిగా ఆవల వేసి మెల్లగా దాని ముందుకు లాగవలెను. రబ్బరు కప్పను తామరాకుల మీదుగా కప్ప గెంతినట్లు ఆపి ఆపి లాగుతారు. చేప ఎరను పట్టిన చప్పుడు వినగానే ఆత్రపడి గుంజరాదు. నోటిలోనికి తిప్పుకొనడానికి రెండు మూడు క్షణములు ఇచ్చి, అటుపిమ్మట గట్టిగా ఎత్తవలెను. ఒకసారి గాలం తగిలిన తరువాత దారం సడలనిస్తే చేప వేళ్లలోకో జమ్ములోకో దూరి తప్పించుకొంటుంది.

గాలముతో పట్టడం వ్యసనముగాను, కాలక్షేపముగాను ఉన్నవారికి ఉద్దేశించినది. జీవనోపాధిగా పట్టేవారు విసురు వల, నిలువు వల, లోతు తక్కువైన బురద నీటిలో ఊత వాడుతారు. ఆంగ్లేయుల కాలంలో మద్రాసు రాజధానిలో అధికారిగా పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1887లో భారతదేశపు చెరువులలో గాలపు వేటపై ప్రత్యేకముగా ఒక పుస్తకం ప్రచురించాడు. కొండవాగులు లేని మైదానాలలో చెరువులే వేటగానికి శరణ్యమని దీనివలన తెలుస్తుంది.

విడిచిపెట్టవలసిన చేపలు

కొర్రమీను జంట లోతులేని నీటిలో మొక్కలను తొలగించి గూడు వంటి చోటు చేసికొని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపై తేలుతాయి; ఒకటి రెండు దినములలో పొదుగుతాయి. పిల్లలు ఎర్రని గుంపుగా నీటిపైన తిరుగుతూ ఉండగా తల్లిదండ్రులు క్రిందనే ఉండి కాపలా కాస్తాయి. ఆ సమయంలో గుంపు దగ్గరకు ఏది వచ్చినా మీదపడి కరుస్తాయి. అందుచేత పిల్లల గుంపు మీద ఎర వేస్తే పెద్ద చేప తప్పక చిక్కుతుంది. నేర్పు అక్కరలేని వేట ఇది. కాని కాపలా చేప గట్టెక్కిన తరువాత దిక్కులేని పిల్లలను ఇతర చేపలు, పక్షులు తినివేస్తాయి. ఒక్క చేపను పట్టినందుకు వందల చేపలు పోతాయి. ఎర్రని గుంపు కనిపించిన చోట గాలం వేయకుండా ముందుకు సాగడం వేటగాని మొదటి ధర్మం.

వేసవి మడుగుల విషయంలో మరొక మాట. తొలకరికి నది పారగానే కాలువలకు, చెరువులకు, వరి మడులకు వ్యాపించే చేపలన్నీ ఈ మడుగులలో మిగిలినవాటి సంతానమే. మడుగు అనగా ఆ ఏటి విత్తనపు గాదె. గాదె ఊడ్చి తిన్న రైతుకు విత్తుకాలంలో ఏమి మిగలదో, మడుగు ఊడ్చిన ఊరికి వానాకాలంలో అదే మిగులుతుంది. 30 సెంటీమీటర్లకు లోపు చేపలను, గుడ్లతో పొట్ట నిండిన పెద్ద ఆడచేపలను నీటిలో వదలి, ఇంటికి కావలసిన ఒకటి రెండింటితో తృప్తిపడడం ఉచితము.

ప్రమాదాలు, నిషేధాలు

నీటిలో మందుగుండు పేల్చి గాని, విషము కలిపి గాని చేపలను చంపడం 1897 నాటి భారత మత్స్య చట్టము క్రింద నేరము. విద్యుత్తు తీగలను నీటిలో వేసి చేపలను పట్టడం చేపలకే గాక పట్టేవారికి, నీటిలో దిగిన పశువులకు, ఈతకు వచ్చిన పిల్లలకు ప్రాణాంతకము.

మడుగుల అడుగు సమముగా ఉండదు. ఇసుక తవ్విన గుంటలు పైకి కనబడవు. ఈత రానివారు మోకాటి లోతు దాటి దిగరాదు. మే నెలలో సాయంకాలపు గాలివానలో ఉరుములు వినగానే కర్ర దించి, చెట్టు క్రింద నిలువక, ఊరిలోకి చేరవలెను. 2019 సెప్టెంబరులో కుందూ వరద నంద్యాల ప్రాంతాన్ని ముంచెత్తింది. వేసవిలో మెత్తగా కనిపించే నది వానాకాలంలో అట్లు ఉండదని గుర్తుంచుకొనవలెను.

కొర్రమీనుకు ముప్పు

1988లో భారతదేశంలో ప్రవేశించిన పుండ్ల వ్యాధి కొర్రమీను జాతిని తీవ్రంగా దెబ్బతీసింది. ఒంటిపై ఎర్రని పుండ్లు ఉన్న చేపను తినక, మరల నీటిలో వేయక, పూడ్చిపెట్టడం మంచిది. పొలాలనుండి వచ్చే పురుగుమందులు, చెరువుల ఆక్రమణ, చెరువులలో తప్పించుకొని పెరిగే తిలాపియా, ఆఫ్రికా జాతి మార్పు చేపలు ఇతర కారణాలు. ఆఫ్రికా మార్పు పెంపకాన్ని భారత ప్రభుత్వం 2000లో నిషేధించింది.

ఇందుకు విరుద్ధమైన పరిస్థితి అమెరికాలో ఉంది. 2002లో మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక చెరువులో ఈ కుటుంబానికే చెందిన చైనా జాతి చేప బయటపడడంతో, కొర్రమీను కుటుంబమంతటిని హానికర జీవులుగా ప్రకటించి ప్రాణముతో దిగుమతిని నిషేధించారు. అక్కడ పట్టిన చేపను చంపవలెనంటారు. ఇక్కడ పిల్లలున్న చేపను వదలవలెనంటాము. చేప ఒకే కుటుంబానిదైనా పుట్టిన నేలను బట్టి ధర్మం మారుతుంది.

ఆహారంగా

కొర్రమీను మాంసంలో సన్నని ముళ్లు ఉండవు. కనుక పిల్లలకు, వృద్ధులకు కూడా పెట్టవచ్చును. బూడిద, ఉప్పు వేసి రుద్ది పొలుసు, జిగురు పోయేవరకు కడుగుతారు. చింతపండు పులుసుగా గాని, అల్లము వెల్లుల్లి పట్టించి వేపుడుగా గాని వండుతారు. రాయలసీమలో పులుసును జొన్నరొట్టెతోను, సంగటితోను తింటారు. పులుసు మరునాటికి మరింత రుచిగా ఉంటుందని ప్రతీతి.

ఇవి కూడా చూడండి

* కుందూ నది
* కర్నూలు-కడప కాలువ
* దొర్నిపాడు
* మట్టగిడస
* మృగశిర కార్తె