మాంద్యం లేని లోకం కోసం: బెల్విల్ కుర్రాళ్ల ‘నో డిప్రెషన్’

1990 జూన్ 21న అమెరికాలో రాక్‌విల్ రికార్డ్స్ అనే చిన్న సంస్థ నుంచి వెలువడిన ‘నో డిప్రెషన్’ అంకుల్ టుపెలో బృందపు తొలి ఆల్బమ్. ‘ఆల్టర్నేటివ్ కంట్రీ’ అని తరువాత పేరుపడ్డ సంగీత ధోరణి కథ ఎవరు చెప్పినా, ఈ 13 పాటల దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు.

ఇల్లినాయ్ రాష్ట్రపు నైరుతి మూలన, మిస్సిసిపీ నదికి ఇవతల ఉన్న బెల్విల్ ఆ బృందం పుట్టిన ఊరు. నది దాటితే సెయింట్ లూయిస్ నగరం. ఒకప్పుడు బొగ్గు గనులతో, పొయ్యిలు తయారుచేసే కర్మాగారాలతో బతికిన బెల్విల్, వీళ్లు ఎదిగేనాటికి వెనకటి కళ తప్పింది. జే ఫారర్, జెఫ్ ట్వీడీ ఒకే బడిలో చదువుకున్నారు. ఫారర్‌ది పాటలు పాడుకునే ఇల్లు. పాత కంట్రీ, జానపద బాణీలు అతనికి చిన్ననాటి నుంచే అలవాటు. ట్వీడీ తండ్రి రైల్వే ఉద్యోగి. కొడుక్కి మాత్రం పంక్ రికార్డుల మీద ప్రాణం. డ్రమ్స్ వాయించే మైక్ హైడార్న్ తోడుగా 1987లో ఈ ముగ్గురూ అంకుల్ టుపెలో అయ్యారు.

1990 జనవరిలో బోస్టన్‌లోని ఫోర్ట్ అపాచీ స్టూడియోలో, షాన్ స్లేడ్, పాల్ కోల్డెరీల పర్యవేక్షణలో రికార్డింగ్ జరిగింది. పది రోజుల్లో పని పూర్తయింది. ఖర్చు 3,500 డాలర్లు. డైనోసార్ జూనియర్ బృందానికి చెందిన జె. మాస్కిస్ వాయించిన 1961 నాటి గిబ్సన్ గిటారే ఇక్కడ ఫారర్ చేతికి వచ్చింది. హోరు ఒక్కసారిగా తెగి, నిశ్శబ్దం నిలిచి, మళ్లీ విరుచుకుపడటం ఈ ఆల్బమ్ నడక. ‘విస్కీ బాటిల్’లో పెడల్ స్టీల్ గిటార్ మెల్లగా సాగదీసిన దుఃఖం పల్లవి దగ్గరికి రాగానే బద్దలవుతుంది. ఇరవై మూడేళ్లు మించని కుర్రాళ్ల పాటలివి. అయినా ఫారర్ గొంతులో నడివయసు దాటినవాడి అలసట వినిపిస్తుంది, అది నటనగా తోచదు.

పాటల సరుకంతా ఆ ఊరిదే: రాత్రి షిఫ్టు, ఫ్యాక్టరీ పని, తాగుడు, ఊరు వదిలిపోలేని యువకులు. ‘ట్రైన్’ పాటలో చదువు మానేసిన ఒక కుర్రవాడు రైల్వే గేటు దగ్గర నిలబడి, సైనిక వాహనాలు మోసుకుపోతున్న రైలును చూసి, యుద్ధమే వస్తే ముందు పోయేది తానేనని భయపడతాడు. ఆల్బమ్ విడుదలైన ఆరు వారాలకు ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాయి.

ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట మాత్రం వాళ్లది కాదు. 1930ల ఆర్థిక మాంద్యంలో పుట్టిన భక్తి గీతమది. వర్జీనియా కొండల నుంచి వచ్చిన కార్టర్ ఫ్యామిలీ బృందం 1936లో దాన్ని రికార్డు చేసింది. ఆకలీ కరువూ లేనిది పరలోకం ఒక్కటే, అక్కడికే ప్రయాణమని దాని సారం. ‘డిప్రెషన్’ అనే మాటకు ఆ పాటలో అర్థం ఆర్థిక మాంద్యమే. 1990లో వినేవారికి మనసు కుంగుబాటు కూడా తోస్తుంది. అంకుల్ టుపెలో దాన్ని వెక్కిరింపుగా పాడలేదు, పాత వస్తువులా అద్దాల బీరువాలో పెట్టి చూపించనూ లేదు. ముందున్నది పంక్ పాట, పక్కనున్నది ఫ్యాక్టరీ పాట. వాటి మధ్య ఆ భక్తి గీతం సొంత ఊరి పాటలాగే ఒదిగింది. ఈ ఆల్బమ్ గొప్పతనమంతా అక్కడే ఉంది. కంట్రీనీ రాక్‌నూ కలపడం కొత్తేమీ కాదు. గాయకుడు గ్రామ్ పార్సన్స్ 1960ల చివరిలోనే ఆ పని చేశాడు. తాతల పాటకూ మనవల కోపానికీ కారణం ఒకటేనని ఇంత సూటిగా వినిపించడం కొత్త.

మొదటి ఏడాదిలో 15,000 ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. చిన్న సంస్థకు అది మంచి సంఖ్యే. కానీ అమ్మకాల కంటే పేరు ఎక్కువ దూరం పోయింది. 1995లో గ్రాంట్ ఆల్డెన్, పీటర్ బ్లాక్‌స్టాక్ స్థాపించిన సంగీత పత్రిక ‘నో డిప్రెషన్’ అనే పేరే పెట్టుకుంది. ఆల్టర్నేటివ్ కంట్రీ ధోరణిని కొందరు ఆ పేరుతోనే పిలవసాగారు.

అప్పటికే బృందం విడిపోయింది. 1994 మే 1న సెయింట్ లూయిస్‌లో చివరి కచేరీ జరిగింది. ఫారర్ ‘సన్ వోల్ట్’నూ, ట్వీడీ ‘విల్కో’నూ నెలకొల్పారు. 2003లో ‘నో డిప్రెషన్’ అదనపు పాటలతో మళ్లీ విడుదలైంది. నైపుణ్యంలో ఇదే బృందపు 1993 నాటి ఆల్బమ్ ‘అనొడైన్’ దీనికంటే మెరుగైనదే. అయినా అంకుల్ టుపెలోను కొత్తగా వినేవారు మొదలుపెట్టవలసింది ఈ మొదటి ఆల్బమ్‌తోనే.