తల్లి ఖాతా, బడి మరుగుదొడ్డి

2020 లాక్‌డౌన్ తర్వాత మన రాష్ట్రంలో ఏది ఎప్పుడు తెరిచారో వరసగా రాసుకుంటే, పాలకులకు ఏది ముందో ఏది వెనకో అర్థమైపోతుంది. మద్యం దుకాణాలు మే 4న తెరిచారు. తిరుమలలో సామాన్య భక్తులకు దర్శనం జూన్ 11న మొదలైంది. ప్రభుత్వ బడి తలుపు మాత్రం నవంబర్ 2న తెరుచుకుంది. అదీ ముందుగా 9, 10 తరగతులకు, రోజు విడిచి రోజు, ఒంటిపూట. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు 2021 ఫిబ్రవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది.

బడి తెరవడం తప్పని నేననను. ఆన్‌లైన్ పాఠం చేరని పల్లెల్లో బడి మూతపడితే ఆడపిల్ల మళ్ళీ ఇంటిపనిలోకీ, పొలంలోకీ, పెళ్ళి మాటల్లోకీ వెళ్ళిపోతుంది. కరోనాకు ముందు 2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతానికి పైగా పద్దెనిమిది నిండకుండా పెళ్ళయిన వాళ్ళు. కాబట్టి బడి తెరవాల్సిందే. దాన్ని భద్రంగా తెరవడానికి, భద్రంగా ఉంచడానికి అయిన ఖర్చు ఎవరు భరించారన్నదే నా ప్రశ్న.

ఈ కథ కరోనాకు కాస్త ముందు, మా చిత్తూరులోనే మొదలైంది. 2020 జనవరి 9న అమ్మఒడి పథకాన్ని ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఇక్కడే ప్రారంభించారు. పిల్లల్ని బడికి పంపే తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు. తండ్రి పేరు మీద కాకుండా తల్లి పేరు మీద డబ్బు పడటం చిన్న విషయం కాదు. స్త్రీల ఉద్యమాలు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నదే అది. రెండున్నర నెలలు తిరక్కుండానే బడులు మూతపడ్డాయి.

తిరిగి తెరిచే నాటికి మాస్కు, సబ్బు, కుళాయి నీళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్డి ప్రాణావసరాలయ్యాయి. నిజానికి ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎప్పుడూ ప్రాణావసరమే. 2009 నాటి విద్యాహక్కు చట్టం మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు తప్పనిసరి అంది. 2012లో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ఈ సదుపాయాలు కల్పించమని రాష్ట్రాలను ఆదేశించింది. 2019 నవంబర్ 14న మొదలైన నాడు-నేడు తొలి విడతలో 15,715 బడులకు నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు వచ్చాయి. ఇది మెచ్చుకోవాల్సిన పనే. అయితే గోడలు కట్టడానికి ఖజానా కదిలింది గానీ, వాటిని రోజూ కడిగించడానికి మరో దారి వెతికారు.

2021 జనవరి 11న నెల్లూరులో అమ్మఒడి రెండో ఏడాది డబ్బు విడుదల చేసినప్పుడు తల్లికి చేరింది 14,000. మిగిలిన వెయ్యి మరుగుదొడ్ల నిర్వహణ నిధికి పోయింది. వెయ్యి రూపాయలంటే పెద్ద మొత్తంగా కనిపించదు. కానీ లబ్ధిదారులైన తల్లులు 44 లక్షల పైచిలుకు. గుణిస్తే 440 కోట్లు దాటుతుంది. 2022లో కోత రెండు వేలయింది. మరుగుదొడ్లకు ఒక వెయ్యి, బడి నిర్వహణకు ఒక వెయ్యి.

తల్లులు డబ్బిస్తే బడిని ప్రశ్నించే హక్కు వస్తుందని ప్రభుత్వం చెప్పింది. వినడానికి బాగానే ఉంది. మరి డబ్బివ్వకపోతే ఆ హక్కు లేదా? ఉప్పు నుంచి చీర దాకా కొన్న ప్రతిదాంట్లో పన్ను కట్టిన స్త్రీ మళ్ళీ విడిగా వెయ్యి కట్టి పౌరురాలు కావాలా? చట్టం ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యత ఇక్కడ తల్లి ఇచ్చే చందాగా మారింది. పిల్లల ఒళ్ళు కడగడం, బట్టలు ఉతకడం తల్లి పని అన్న ఇంటి న్యాయమే బడి దాకా వచ్చింది.

ఇంకో సంగతీ గుర్తుంచుకోవాలి. 2021 నవంబర్‌లో మద్యం చట్టాన్ని సవరించి, అమ్మఒడి, ఆసరా, చేయూత వంటి పథకాల అమలును కూడా రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ పనుల్లో చేర్చారు. దూబగుంట స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచిన రాష్ట్రంలో, తల్లికిచ్చే డబ్బుకీ మద్యం ఆదాయానికీ చట్టంలోనే ముడి పడింది.

ఆ వెయ్యి రూపాయలు చివరికి ఎవరికి చేరాయి? బడిలో మరుగుదొడ్లు కడిగే ఆయాకు నెలకు 6,000. అంటే రోజుకు 200. అప్పటికి ఉపాధిహామీ రోజుకూలీయే 237 రూపాయలు. మహమ్మారి రోజుల్లో బడిలో అందరికంటే ఎక్కువ ప్రమాదానికి దగ్గరగా నిలబడిన మనిషికి మట్టిపని కూలీ కూడా దక్కలేదు. మధ్యాహ్న భోజనం వండే స్త్రీలకు 3,000. అదీ వెయ్యి నుంచి పెంచితే. వాళ్ళ పనికి ఇచ్చేదాన్ని జీతం అనకుండా గౌరవ వేతనం అంటారు. ఒక తల్లి నుంచి తీసి ఇంకో పేద తల్లికి చాలీచాలకుండా ఇవ్వడం, దాన్ని బడి భద్రత అనడం! ఈ లెక్కలో ఖజానా ఎక్కడుంది?

డబ్బుతో పాటు పూచీ కూడా ఇంటి మీదికే వచ్చింది. 2020 అక్టోబర్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పిల్లలు బడికి రావాలి. తెరిచిన మూడు రోజులకే రాష్ట్రంలో 262 మంది విద్యార్థులకు, 160 మంది దాకా ఉపాధ్యాయులకు కరోనా ఉన్నట్టు తేలింది. వచ్చిన లక్షల పిల్లలతో పోలిస్తే ఇది ఎంత అని అధికారులు శాతాలు చెప్పారు. 2021 వేసవిలో రెండో ఉధృతి తర్వాత కూడా పరీక్షలు పెట్టి తీరుతామంది రాష్ట్రం. ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల పరిహారం కట్టమనాల్సి రావచ్చని సుప్రీంకోర్టు హెచ్చరించాకే, జూన్ 24న పది, ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయి. ప్రాణానికి పూచీ తన మీద పడే సరికి ప్రభుత్వం ఒక్కరోజులో వెనక్కి తగ్గింది. సంతకం పెట్టిన తల్లికి ఆ వెసులుబాటు లేదు.

2024లో ప్రభుత్వం మారింది. 2025 జూన్ 12న తల్లికి వందనం పేరుతో, ఇంట్లో చదివే పిల్లలందరికీ వర్తించేలా పథకం మొదలైంది. ఈ విస్తరణ మంచిదే. ఒక్కో బిడ్డకు 15,000 అన్నారు. తల్లి చేతికి వచ్చింది 13,000. మిగతా 2,000 బడుల నిర్వహణకు. మహమ్మారి నాడు మొదలైన కోత మహమ్మారి పోయినా పోలేదు. ముఖ్యమంత్రీ మారారు, పథకం పేరూ మారింది. అన్ని విషయాల్లోనూ కొట్లాడుకునే రెండు పార్టీలు, బడి శుభ్రతకు తల్లి డబ్బు తీసుకోవచ్చన్న ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చాయి.

మరుగుదొడ్డి కడగడానికి బడ్జెట్‌లో ఒక పద్దు, కడిగే ఆయాకు కనీస వేతనం. మనం అడగాల్సింది ఈ రెండూ. తల్లి డబ్బు తల్లికే ఉండనివ్వండి. ప్రశ్నించే హక్కు ఆమెకు ముందు నుంచీ ఉంది.